డిటో గీతలు

బండి ఇంకా ఏలూరు పొలిమేర దాటలేదు, నేను మాత్రం మనసులో తాడేపల్లిగూడెంలో దిగి, గేటు దగ్గర టిక్కెట్టు ఇచ్చి, జట్కా మాట్లాడుకోకుండా గబగబా నడిచి మామగారి వీధి మొదట్లోకి వచ్చేశాను. అక్కడి నుంచి కాలు ముందుకు పడక మళ్ళీ వెనక్కి వచ్చి ఈ చెక్కబల్ల మీదే కూచున్నాను. ఇది నాలుగోసారి. ఆ వీధిలో జనం గుమిగూడి ఉన్నారా, లేరా, అన్నది తేలడం లేదు. ఒకసారి ఉన్నట్టు కనిపిస్తుంది, ఒకసారి ఎవరో మిరపకాయలు ఆరబోసుకుంటున్నట్టు కనిపిస్తుంది. జేబులో టెలిగ్రాం ఉంది. రెండే మాటలు, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. పంపింది మామగారు. పొద్దున ఏడున్నరకి గూడెంలో ఇచ్చారు, పదింటికి నా చేతికి వచ్చింది, పదకొండింటి పాసింజరు అందుకున్నాను. ఇంత వరకూ అన్నీ తెలుసు. కాన్పయిందో లేదో తెలియదు. అయితే తల్లి ఎలా ఉందో తెలియదు, బిడ్డ ఎలా ఉందో తెలియదు. అసలు రాయవలసినవన్నీ వదిలేసి టైము మాత్రం పదిలంగా వేసిన కాగితం ఇది. నా కింద పనిచేసేవాడెవడైనా సర్వేకి వెళ్ళి ఇలాంటి షెడ్యూలు నింపి తెచ్చిస్తే వాడి మొహానే కొట్టేవాణ్ణి. నా కింద ఎవరూ లేరనుకోండి, నేనే అందరి కిందా.

ఈ రెండు మాటలే ఇంతకు ముందు ఒకసారి వచ్చాయి. యాభై అయిదు శ్రావణంలో. కొల్లేరు నిండుగా ఉంది, లంకకీ లంకకీ మధ్య నడిచే దారులన్నీ నీళ్ళ కింద ఉన్నాయి, మామూలుగా అయిదు రోజుల్లో అయ్యే సర్వే రౌండు పన్నెండు రోజులు పట్టింది. పన్నెండో రోజు సాయంత్రం బురద కాళ్ళతో ఆఫీసు మెట్లెక్కితే నా బల్ల మీద గాజుబిళ్ళ కింద రెండు టెలిగ్రాములు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. పైది ముందు విప్పాను. స్టార్ట్ ఇమ్మీడియట్లీ. తర్వాత కిందది విప్పాను. మగపిల్లవాడు, ఇద్దరూ క్షేమం. అంటే నాకు భయం ముందు వచ్చి సంతోషం తర్వాత వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను, ఏదో కంగారుపడి రమ్మన్నారు, సర్దుకున్నాక ఇది కొట్టారు అనుకుని అక్కడే కుర్చీలో కూలబడి నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు ఇప్పటికీ నా మొహం మీద ఎక్కడో అంటుకునే ఉంది. తర్వాత తారీఖులు చూశాను, పైదే వెనక వచ్చింది. మర్నాడు నేను గూడెం చేరేసరికి పిల్లవాడు పోయి రెండు రోజులైంది. తొమ్మిది రోజులు బతికాడు. నలుపో తెలుపో నాకు తెలియదు. మా అత్తగారు వెంకటనరసమ్మగారు తలుపు చాటు నుంచి, "దాన్నిప్పుడేం అడక్కండి బాబూ, కాస్త తేరుకోనివ్వండి" అన్నారు. అలాగేనండి అన్నాను. చెప్పిన మాట అక్షరం తప్పకుండా పాటిస్తానని ఆఫీసులో నాకు పేరుంది. ఏడాదిన్నర దాటింది, ఇప్పటిదాకా నా భార్య కుమారిని ఏమీ అడగలేదు.

దెందులూరు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు, గార్డు మాత్రం ప్లాటుఫారం మీద ఎవరితోనో ఈ ఏడు మినుములు ఎలా దిగాయో తీరిగ్గా కనుక్కుంటున్నాడు. మాఘమాసం, కిటికీలోంచి ఎండు మినప చేను వాసన వస్తోంది. ఏవండీ గార్డుగారూ, అక్కడ నా భార్య, అని అరవాలనిపించింది. అరిస్తే ఏమైంది మీ భార్యకి అని అడుగుతాడు. తెలియదండి అనాలి. ఒళ్ళో ఉన్న గుడ్డసంచీని గట్టిగా పట్టుకున్నాను. భార్య పురిటికి వెళ్తూ కాగితాల సంచీ ఎందుకు తెచ్చుకున్నావయ్యా అంటే, బల్ల మీద వదిలి రాబుద్ధి కాలేదు, అంతే. అందులో కొల్లేటి లంకల నలభై కుటుంబాల షెడ్యూళ్ళు ఉన్నాయి. యాభై రెండు నుంచి మూణ్ణెల్లకోసారి అవే నలభై ఇళ్ళకి వెళ్ళి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తిన్నారు, ఎన్ని చేపలు పడ్డాయి, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని రాసుకొచ్చిన ఇరవై రౌండ్ల కాగితాలు. వాటి పైన మడతపెట్టిన ఉత్తరం ఒకటి ఉంది. మా ముఖ్య కార్యాలయంలో లెక్కలు చూసే అధికారి రాసింది. చాలా మర్యాదగా రాశాడు. ఇన్వెస్టిగేటరు సూర్యప్రకాశరావు గారి, అంటే నా, నలభై కుటుంబాలలో అయిదేళ్ళలో తొలి కాన్పులు పదమూడు, నెలలోపు పోయిన బిడ్డలు సున్న, మిగతా ప్రాంతాలలో ఎక్కడా ఇలా లేదు, ఇది ఎలా సాధ్యమైందో శనివారంలోగా వివరించగలరు అని. చివర ఇంకో ముక్క ఉంది. ఈ సున్నని ఆధారం చేసుకుని లంకలకి వెయ్యాలనుకున్న నర్సు పోస్టు అవసరం లేదని తీసివెయ్యబోతున్నారట.

సూపర్వైజరు బుచ్చిబాబుగారు ఆ ఉత్తరం చదివి, "దానికేముందండీ, కొల్లేటి చేప బలమైన ఆహారం, గాలి మంచిది, అందుచేత పిల్లలు నిలుస్తున్నారు అని రాసి పడెయ్యండి" అన్నారు. మంచి మనిషి. నిన్న నా మొహం చూసి కాఫీ కూడా తెప్పించారు. ఆయనకి ఖాళీలంటే పడదు, అంతే. సర్వే మొదలైన కొత్తలో మనిషి ఇంట్లో లేకపోతే ఆ గడి వదిలేసేవాణ్ణి. మొదటి రౌండు కాగితాలు చూసి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇన్ని ఖాళీలేమిటండీ. పైవాళ్ళు చూస్తే మనం ఇళ్ళకే వెళ్ళలేదంటారు. మనిషి ఊళ్ళో లేకపోతే పోయినసారి ఏం రాశారో అదే దించెయ్యండి. మూణ్ణెల్లలో మనిషి మారిపోతాడా?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. పై గడిలో ఉన్నదే కింద గడిలోనూ అని చెప్పడానికి రెండు చిన్న గీతలు చాలు, డిటో. కలం కాగితం మీద ఆనినట్టే ఉండదు. రౌండుకి పది డిటోలు, పదిహేను డిటోలు, పేజీ నిండుగా శుభ్రంగా ఉండేది. ఇంకో నియమం కూడా ఉంది, అది పైనుంచే వచ్చింది. పేరు లేనిదే కొత్త వరస తెరవకూడదు. పేరు లేని మనిషిని రాస్తే లెక్క కట్టే గుమాస్తాలు కాగితం వెనక్కి పంపేవారు. అందుకని బారసాల కాని పసిబిడ్డ ఉంటే వచ్చే రౌండుకి రాద్దామని వదిలేసేవాణ్ణి.

మరి ఇంట్లో లేనిదెవరు? మగవాళ్ళు తాటిదోనెల మీద వేటకి పోతారు, మధ్యాహ్నానికి వస్తారు, నేను చెట్టు నీడన కూచుంటే కనిపిస్తారు. రౌండు తర్వాత రౌండు కనిపించనిది కోడళ్ళు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్తారు, కాన్పయ్యాక అయిదో నెలలో వస్తారు. నేను అడిగితే పుట్టింటికెళ్ళిందండి అంటారు, నేను డిటో కొడతాను. బిడ్డ నిలిస్తే చంకనేసుకుని తిరిగొస్తుంది, అప్పటికి బిడ్డకి పేరుంటుంది, కొత్త వరస తెరుస్తాను. నిలవకపోతే వట్టి చేతులతో వస్తుంది. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎంతమందో వచ్చాకా అంతమందే, ఇంకో డిటో. బిడ్డ పుట్టిన ఊరు నా నలభై ఇళ్ళలో లేదు, కాబట్టి అక్కడ రాసేవాళ్ళు లేరు. బిడ్డ రావలసిన ఊళ్ళో నేనున్నాను, కాని బిడ్డ రాలేదు. ఉత్తరంలో పదమూడు తొలి కాన్పులన్నారే, అవి తొలి కాన్పులు కావు మహానుభావా, బిడ్డతో తిరిగొచ్చినవాళ్ళు పదమూడుగురు. వట్టి చేతులతో వచ్చినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. తెలియకపోవడమేమిటి, మొహాలు తెలుసు. లెక్కపెట్టలేదు. ఈ సంగతి ఉత్తరం చదివిన రాత్రి తట్టింది కాదు, అంతకు ముందే తెలుసు. కొల్లేటికోట రామకోటి ఇంట్లో, ఆ ఇంటి కోడలు దుర్గమ్మ నన్ను చూసినప్పుడే తెలుసు.

భీమడోలులో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూచుంది. ఒళ్ళో మూతికి గుడ్డ కట్టిన జాడీ. పెట్టె అంతా శొంఠి, వెల్లుల్లి, నెయ్యి వాసన, కాయం వాసన. బాలింతకి పెట్టే కాయం. ఆ వాసనకి లేచి వేరే చోటికి పోదామనుకుని లేవలేకపోయాను. కుమారి పోయినసారి ఆ వాసనతోనే ఏలూరు తిరిగొచ్చింది, బిడ్డ లేదు కాని కాయం వాసన ఉంది, జడలో, చీరల్లో, నెల రోజులు. పెద్దావిడ తనంతట తనే చెప్పింది, పేరు పాపాయమ్మ, నిడదవోలులో కూతురికి మూడో కాన్పు, అత్తారు పంపేది లేదన్నారు కాబట్టి తనే వెళ్తోంది. మాట్లాడకపోతే పిచ్చెక్కేలా ఉంది, అలవాటైన ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"మీకెంతమందండీ పిల్లలు?"

"కన్నోళ్ళనా బాబూ, నిలిచినోళ్ళనా?"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. నా షెడ్యూలులో ఆ ప్రశ్న లేదు. ఇరవై రౌండ్లు, నలభై ఇళ్ళు, తిన్న పప్పు దగ్గర నుంచి చిరిగిన వల దాకా అన్నిటికీ గడులున్నాయి, ఇది లేదు. "రెండూ చెప్పండి" అన్నాను. "కన్నది ఎనిమిదిమందినండి, నిలిచింది నలుగురండి" అంది, నేను ఇక ఏమీ అడక్కుండానే వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టింది. పెద్దాడు ఆరో రోజున పోయాడు, పచ్చగా ఉండేవాడు, ముక్కు అచ్చం వాళ్ళ నాయన ముక్కే. రెండోది ఏడుపు మానేది కాదు, ఆ ఏడుపుకి పక్కింటివాళ్ళు కూడా లేచి కూచునేవాళ్ళు, మూడో నెలలో కోరింతదగ్గు. ఇద్దరు కవలలు, ఒక్క పూట. నలభై ఏళ్ళ నాటి సంగతులట. చిన్న పొరపాటు కూడా లేదు, తడుముకోవడం లేదు. ఎవరూ రాసిపెట్టలేదు, ఏ గడీ వదిలిపోలేదు. తర్వాత, "తమరికో బాబూ?" అంది. "ఇంకా లేరండి" అన్నాను. వస్తార్లెండి అని జాడీ మీద గుడ్డ సర్దుకుంది. అంత సులువుగా వచ్చేసింది ఆ మాట. వాడు పుట్టకముందు ఎవరైనా అడిగితే అదే చెప్పేవాణ్ణి, వాడు పోయాకా అదే చెబుతున్నాను. ముందున్నదే కిందకి దించేశాను. నాకింత అలవాటైపోయిందని నాకే తెలియదు.

పూళ్ళ దాటింది. దక్షిణం వైపు కిటికీలోంచి దూరంగా పక్షుల బారు కనిపిస్తోంది, కొల్లేటి మీదికి పోతున్నట్టున్నాయి. అటు చూడకూడదనుకుంటూనే చూశాను. కిందటి ఏడు నాగులచవితి వెళ్ళిన నాలుగో రోజు. రామకోటి అరుగు మీద కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. ఇంట్లో ఎంతమంది అని అడిగాను. "ఆరుగురమేనండి. అటూ ఇటూ ఏం లేదండి బాబుగారూ" అన్నాడు తల ఎత్తకుండా. కోడలు దుర్గమ్మ రెండు రౌండ్ల పాటు పుట్టింట్లో ఉంది, ఇప్పుడు పెరటి వైపు కత్తిపీట ముందు కూచుని కొర్రమీను శుభ్రం చేస్తోంది. ఆరుగురు అంటే ఆరుగురే, డిటో కొట్టాను. నేను కాగితాలు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చి రాట దగ్గర నిలబడింది. జాకెట్టు ముందు రెండు పక్కలా తడిసి ఉంది. కొంగు లాక్కుంది కాని లాక్కోకముందే చూశాను. నాకు తెలియని పాల తడా అది, నా ఇంట్లో కుమారి జాకెట్లు అలాగే ఎండలో ఆరేవి. "ఇంకేమన్నా అడుగుతారాండి?" అంది. గొంతు మామూలుగానే ఉంది. రామకోటి చేతిలో వల ఆగింది. అప్పుడు నేను, సర్వే ఇన్వెస్టిగేటరుని, ప్రశ్నలడగడానికి జీతం తీసుకునేవాణ్ణి, "లేదమ్మా, అయిపోయింది" అన్నాను. దోనె ఎక్కాను. దుర్గమ్మని అడిగితే కుమారినీ అడగాలి కదా, అందుకని. ఇది ఇంత విడమరిచి ఎప్పుడూ అనుకోలేదు, ఈ దిక్కుమాలిన పాసింజరు ప్రతి ఊళ్ళోనూ ఆగబట్టి అనుకోవలసి వస్తోంది.

కైకరం, చేబ్రోలు. కుమారి ఏలూరు తిరిగొచ్చిన రోజున నేను ఏం చేశానో గుర్తు చేసుకోవాలని చూస్తున్నాను. స్టేషనుకి వెళ్ళాను, ట్రంకుపెట్టె దింపాను, జట్కాలో పవరుపేట దాకా మునిసిపాలిటీ వాళ్ళు మా సందులో వేసిన కొత్త కుళాయి గురించి మాట్లాడాను. కుళాయి గురించి. తను వింది, నీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయి అని కూడా అడిగింది. ఆ రాత్రి ముందు ఎలా ఉండేవాళ్ళమో అలాగే ఉన్నాం, మర్నాడూ అంతే. పోపు వాసన, ఆఫీసు, ఆదివారం కాలవగట్టు మీద నడక. అప్పుడప్పుడు తను పని చేసుకుంటూ చెయ్యి ఆపి నా వైపు చూసేది, నేను పేపరు తిరగేసేవాణ్ణి. ఏదో ఒక రోజు తనే చెబుతుందిలే అనుకున్నాను. చెప్పలేదు కాబట్టి చెప్పేదేమీ లేదనుకున్నాను. మళ్ళీ నెల తప్పినప్పుడు కూడా ఇద్దరం డాక్టరమ్మ చెప్పిన మందుల గురించే మాట్లాడుకున్నాం. ఏడో నెలలో పుట్టింటికి వెళ్తూ రైలు కిటికీలోంచి, "ఈసారి రౌండు ఎప్పుడు?" అంది. "అది అయిపోయాకనే నీ కాన్పు, నేను ఊళ్ళోనే ఉంటాను" అన్నాను. అంతే అడిగింది. ఇప్పుడు అక్కడ ఏం జరిగినా, బాదంపూడి కూడా రాకముందే జరగవలసింది జరిగిపోయి ఉంటే, ఆ మొదటివాణ్ణి చూసిన ఒక్క మనిషి కూడా పోతుంది. అత్తగారు చూశారు, మామగారు చూశారు, నిజమే, కాని తొమ్మిది రోజులూ చూసింది తనొక్కతే. ఆ తొమ్మిది రోజులూ ఇంకెక్కడా లేవు. నాకు చెమట పట్టింది. మాఘమాసంలో చెమటేమిటి అని పాపాయమ్మగారు నా వైపు చూశారు.

సంచీ విప్పాను. కొల్లేటికోట, ఇల్లు పదిహేడు, రామకోటి. దుర్గమ్మ వరసలో మూడు డిటోలు పక్కపక్కనే ఉన్నాయి, ఎంత ముచ్చటగా కొట్టానో, ఆరు గీతలూ ఒకే ఎత్తు. కలం తీశాను కాని ఏం రాయాలో తోచలేదు. లేదు అని రాస్తే అబద్ధం. తెలియదు అని రాస్తే అదీ అబద్ధమే, తెలుసు. ఇంతకాలం అన్ని రకాల ఖాళీలనీ ఒక్క డిటోతోనే పూడ్చేశాను. చివరికి గీతలు కొట్టేసి, బండి కుదుపులకి అక్షరాలు వంకర పోతుంటే, అడగలేదు అని రాశాను. రెండో దాని మీదా అదే. మూడోదాని మీదా అదే. శనివారం ఉత్తరంలో కూడా ఇదే రాయాలి, సున్న కాదండీ, అడగలేదు, నలభై ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి అడిగి వస్తాను, అప్పటిదాకా ఆ నర్సు పోస్టు తియ్యొద్దు అని. బుచ్చిబాబుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు. ఉద్యోగం తీస్తారేమో కూడా. తియ్యనీ. ముందు కుమారి బతికి ఉండాలి.

బాదంపూడి దాటాక లేచి నిలబడ్డాను. "అమ్మా, ఇందాక తప్పు చెప్పాను" అన్నాను. "ఒకడు పుట్టాడండి, నిలవలేదు." పాపాయమ్మగారు ఆశ్చర్యపోలేదు. "ఎన్ని రోజులు బాబూ?" అన్నారు. తొమ్మిది అన్నాను. "తొమ్మిది రోజులంటే ఏలు పట్టుకుంటాడండి. అట్టా గట్టిగా పట్టుకుంటారు, వదలరు" అని తన చూపుడువేలు చుట్టూ రెండో చెయ్యి బిగించి చూపించారు. ఈ ఏడాదిన్నరలో వాడు పోయాడనే అనుకున్నాను తప్ప వాడికి చేతులుంటాయని ఒక్కసారీ అనుకోలేదు. స్టేషను వచ్చింది, నేను ఎలా దిగానో ఆవిడకి నమస్కారం పెట్టానో లేదో గుర్తు లేదు.

వీధి మొదట్లో నిజంగానే ఎవరో మిరపకాయలు ఆరబోసుకుంటున్నారు. జనం లేరు. జనం లేకపోతే మంచిదేనా, అంతా అయిపోయి వెళ్ళిపోయారా? మామగారు అరుగు మీద లేరు. గుమ్మానికి వేపకొమ్మ కట్టి ఉంది. వేపకొమ్మ అంటే కాన్పయింది, అంతవరకూ తేలింది. వెంకటనరసమ్మగారు చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చారు, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ అడక్కుండా నిలబడ్డాను. ఏడాదిన్నర కిందట నిలబడ్డ చోటే.

"ఎలా ఉంది?" అన్నాను, చివరికి.

"ఆడపిల్ల బాబూ. నిన్న సాయంత్రం. ఇద్దరూ బాగానే ఉన్నారు." ఆ మాట అంటూనే ఆవిడ గడప చెక్కని ముట్టుకున్నారు. నేను అరుగు మీద కూచున్నాను. మరి ఆ టెలిగ్రాం ఏమిటండీ, ఒక్క ముక్క రాయొచ్చుగా అన్నాను. "క్షేమం అని కొట్టొద్దందండి. పోయినసారి అలాగే కొట్టారుగా, ఆ మాట మాత్రం వద్దంది. నిన్నటి నుంచి పథ్యం ముట్టలేదు. ఆయన వచ్చి పేరు పెడితే గాని తిననంటుంది. మైల ఉండగా పేరేమిటే, పదకొండో రోజు దాకా ఆగవే అంటే వినదు. ఒక్క పూట కూడా దీన్ని పేరు లేకుండా ఉంచనంటుంది. మీరైనా చెప్పండి బాబూ" అన్నారు. నేను చెప్పనని ఆవిడకీ తెలిసినట్టే ఉంది, పళ్ళెంలో బియ్యం అప్పటికే పోసి ఉంచారు.

పురిటిగది గడపకి ఇవతల పీట వేశారు. లోపల నులకమంచం మీద కుమారి గోడకి ఆనుకుని ఉంది. మొహం పాలిపోయింది, జుట్టు కట్టిన గుడ్డ చెవుల మీదికి జారింది, బతికి ఉంది. పక్కన మూట కదులుతోంది. పళ్ళెం గడప మీద పెట్టారు. నేను వేలి ఉంగరం తీసి పట్టుకుని ఏం పేరు అన్నట్టు తన వైపు చూశాను.

"ముందు పెద్దాడిది రాయండి" అంది.

అత్తగారు అటు తిరిగారు. నాకు వెంటనే అర్థమయింది. "వాడికి పేరు..." అన్నాను.

"ముత్యాలు. ముత్యాలరావు అనుకున్నాను, మీరొచ్చాక మీకు నచ్చకపోతే మారుద్దామనుకున్నాను. తొమ్మిది రోజులూ ముత్యాలనే పిలిచాను. పలికేవాడు."

"మరి నాకు చెప్పలేదేం కుమారీ?"

"మీరు అడగలేదుగా" అంది. నిష్ఠూరం లేదు ఆ మాటలో, నిజంగానే అది ఒక్కటే కారణం అన్నట్టు అంది.

బియ్యంలో ఉంగరంతో రాశాను. గింజలు జారి అక్షరాలు పూడిపోతుంటే మళ్ళీ మళ్ళీ రాయవలసి వచ్చింది. ముత్యాలరావు. తను మెడ చాచి చూసింది, లోపల్లోపల చదువుకుంది. నేను చేత్తో బియ్యం సర్ది రెండో పేరుకి చోటు చెయ్యబోతే, "చెరపకండి, కింద రాయండి" అంది. కింద రాశాను, సూర్యకాంతం, మా నాయనమ్మ పేరని తనే చెప్పింది, నా పేరులో ముక్క కూడా కలుస్తుందట. అత్తగారు కళ్ళు తుడుచుకుని పథ్యం తేవడానికి వంటింట్లోకి వెళ్ళారు. కుమారి మూటని ఒళ్ళోకి తీసుకుని నాకు కనబడేలా తిప్పింది, ఎర్రగా, ముడుచుకుపోయిన మొహం. చూశాను. చాలాసేపు చూశాను. తర్వాత కుమారి, రైలు కిటికీలోంచి అడిగినంత మామూలుగా, "ఇంకేమన్నా అడుగుతారా?" అంది.

ఈ మాట నేను ఇంతకు ముందు విన్నాను, రాట పక్కన నిలబడి తడిసిన జాకెట్టు మీద కొంగు లాక్కున్న మనిషి నోట. పీట గడప దగ్గరికి ఇంకా జరుపుకున్నాను.

"నలుపా, తెలుపా?" అన్నాను.

"చామనచాయండి" అంది కుమారి. "ఎడమ చెవి మాత్రం కొంచెం మడిచి ఉండేది. మీదీ అంతే, మీకు తెలియదు."

ఎడమ చెవి తడుముకున్నాను. నిజమే, మడిచి ఉంది. ఆ తర్వాత ఏమిటి అన్నాను.